ముద్రలు, చక్రములు, మనస్సు

విదేశములనుండి విమానమున ఢిల్లీకి వచ్చువారు ఇందిరాగాంధీ అంతర్జాతీయ విమానాశ్రయమున దిగి, ప్రవేశపత్రములను పరీక్షించు స్థలమును చేరునప్పటికి వారి యెదుట విచిత్రమైన గోడ యొకటి కానవచ్చును. 2010లో ప్రారంభమైన మూడవ టెర్మినల్‌లోని ఆ గోడనిండ రాగివన్నె వలయములు పళ్లెములవలె పరచియున్నవి. వానిలోనుండి మనుష్యప్రమాణమును మించిన హస్తములు ముందునకు చాచబడి, ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున వ్రేళ్లను మడచియు విప్పియు ఒక ముద్రను పట్టియున్నవి. దీర్ఘప్రయాణముచే అలసి వరుసలో నిలిచినవారు కూడ తలయెత్తి ఆ చేతులను చూడకుండ ఉండలేరు. రాజ్యమొకటి తన ద్వారముకడ అతిథులకు చూపుటకు ఖడ్గమును గాని సింహమును గాని కాక, మాట లేకుండ మాటలాడు చేతులను ఎన్నుకొనుట సంతోషింపదగిన విషయమే. కాని ఆ చేతులు చెప్పునది ఏమి? చూచి లోనికి వచ్చినవానికిని, ఆ నగరమున ఏండ్లతరబడి కాపురమున్నవానికిని ఈ ప్రశ్న ఒక్కటియే.

ఆ నగరమున నేడు యోగమునకు కొరత లేదు. అశోకా రోడ్డునందు మొరార్జీ దేశాయి జాతీయ యోగ సంస్థ 1998లో ఏర్పడినది. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న జూన్ 21వ తేదిని అంతర్జాతీయ యోగదినముగ ప్రకటింపగా, మరుసటి సంవత్సరము రాజపథమున 35,985 మంది ఒక్కమారుగ ఆసనములు వేసిరి. ఆ రాజపథమునకు 2022లో కర్తవ్యపథమను పేరు వచ్చినది. నగరమున మాత్రమే గాక, చుట్టునున్న నోయిడా, గురుగ్రామము, గాజియాబాదులలో ఉదయపువేళ ఏ ఉద్యానవనమునకు పోయినను చాపలు పరచుకొని కూర్చున్నవారు కనబడుదురు. వారిలో పలువురు కన్నులు మూసికొని, చేతులను మోకాళ్లపై నుంచి, వ్రేళ్లను ఏదో యొక విధముగ కలిపి పట్టియుందురు.

అట్టి చోట జరుగదగిన సంగతి నొకదానిని ఊహింతము. గుంటూరు ప్రాంతమునుండి ఒక తల్లి, నోయిడాలో ఉద్యోగము చేయుచున్న కుమారునియొద్దకు వచ్చియున్నది. ఆమెకు థైరాయిడ్ గ్రంథి మందగించినది. ప్రతిదినము పరగడుపున ఒక మాత్ర వేసికొనవలయునని వైద్యులు చెప్పియున్నారు. భాష రాని ఊరిలో ఆమెకు ఉద్యానవనమున యోగము చేయు స్త్రీల స్నేహము గొప్ప ఊరటయైనది. వారిలో ఒకరు ఆమెతో, కంఠమునందలి విశుద్ధచక్రము తులతప్పుటయే ఈ వ్యాధికి కారణమనియు, ఫలానా ముద్రను దినమునకు ముప్పావుగంట పట్టినచో మాత్రతో పనిలేదనియు చెప్పినారు. కొన్ని వారములు గడచిన పిమ్మట కుమారుడు మాత్రల పెట్టెను చూచి నిర్ఘాంతపోయినాడు.

"అమ్మా, మందు మానివేసితివా?"

"వేసికొని వేసికొని విసిగితిని, నాయనా! అయినను మన ఋషులు చెప్పినది తప్పగునా?"

ఆ తల్లి యడిగిన ప్రశ్నను తేలికగ త్రోసివేయరాదు. అంతయు మూఢత్వమని కుమారుడు కోపించినచో ఆమె విశ్వాసము గాయపడును. అంతయు నిజమని ఊరకున్నచో ఆమె ఆరోగ్యము చెడును. ఈ రెండును కాక, ఋషులు చెప్పినదేమో నిదానించి చూచుట మేలు.

ముద్ర యనగా సామాన్యముగ చేతివ్రేళ్ల కలయిక యని నేడు తలచుచున్నారు. కాని హఠయోగగ్రంథములు తెరచినవానికి వేరొక సంగతి కనబడును. స్వాత్మారాముని హఠయోగప్రదీపిక తృతీయాధ్యాయమున పది ముద్రలను చెప్పుచున్నది: మహాముద్ర, మహాబంధము, మహావేధము, ఖేచరి, ఉడ్డియానము, మూలబంధము, జాలంధరము, విపరీతకరణి, వజ్రోళి, శక్తిచాలనము. వీనిలో ఒక్కటియైనను వ్రేళ్ల పని కాదు. ఒకటి నాలుకను వెనుకకు మడచుట, ఒకటి గడ్డమును ఎదురురొమ్మునకు ఆనించుట, ఒకటి ఉదరమును లోనికి లాగుట. ఒకటి దేహమునంతను తలక్రిందులు చేయుట. ఘేరండసంహిత ముద్రల సంఖ్యను ఇరువదియైదుకు పెంచినది గాని, అందును ప్రధానముగ ఉన్నవి శ్వాసను, కండరములను, దృష్టిని బంధించు క్రియలే. ముద్ర యను మాటకు మూసి మొహరు వేయుట యను అర్థము ఇచ్చట చక్కగ సరిపోవుచున్నది. ప్రాణము చెదరిపోకుండ ద్వారములను మూయుటయే ఆ ముద్రల ప్రయోజనము. అవి గురువు చెంత సంవత్సరములకొలది అభ్యసింపవలసినవి. ఉద్యానవనమున ఒక ఉదయమున నేర్చి మరునాడు పొరుగువారికి నేర్పదగినవి కావు.

హస్తముద్రల ఇల్లు వేరు. అవి పూజాగృహమునకును నాట్యరంగమునకును శిల్పశాలకును చెందినవి. గాయత్రీజపమునకు ముందు ఇరువదినాలుగు, తరువాత ఎనిమిది ముద్రలను చూపుట సంధ్యావందనము చేయువారికి తెలిసినదే. దేవతను ఆవాహన చేయునపుడు ఒక ముద్ర, కలశోదకమును అమృతముగ భావించునపుడు ధేనుముద్ర, తీర్థములను పిలుచునపుడు అంకుశముద్ర, ఇట్లు అర్చకుని చేయి మంత్రముతోపాటు కదలుచుండును. దేవతలకు మోదమును కలిగించునది గాన ముద్ర యనబడినదని తాంత్రికులు ఆ పదమునకు మరియొక వ్యుత్పత్తిని చెప్పుదురు. ఇచ్చట చేయి ఔషధము కాదు; ప్రార్థనకు దేహము పలికిన పలుకు.

తెలుగువారికి దీనిని బోధించుటకు గ్రంథము అక్కరలేదు. న్యూఢిల్లీ గోల్ మార్కెట్ చెంత తిరుమల తిరుపతి దేవస్థానమువారి బాలాజీ ఆలయమున్నది. ఆంధ్రదేశమునకు దూరమైన కుటుంబములు శనివారమున అచ్చట స్వామిని సేవింతురు. ఆ స్వామి దక్షిణహస్తము అరచేయి కనబడునట్లు క్రిందికి వ్రాలి పాదములను చూపుచున్నది, వామహస్తము కటియందున్నది. పాదములను ఆశ్రయించినవానికి ఈ సంసారసముద్రము నడుములోతు మాత్రమేయని పెద్దలు దీనికి అర్థము చెప్పుదురు. ప్రతి తెలుగింటి గోడమీద పంచాంగపు పటమునందున్నది ఈ ముద్రయే. దీనిని చూచి తన చేతిని అట్లు పట్టి వ్యాధి పోగొట్టుకొనవలయునని యెవరికిని తోచదు. అది చూచి శరణు పొందదగినదని అందరికిని తెలియును.

ఇక నేటి హస్తముద్రాచికిత్సకు మూలమేమి? అంగుష్ఠము అగ్నికిని, తర్జని వాయువునకును, మధ్యమ ఆకాశమునకును, అనామిక పృథివికిని, కనిష్ఠిక జలమునకును స్థానములు. వ్రేళ్లను కలిపి భూతములను సమపరచవచ్చును. భూతములు సమమైనచో వానికి స్థానములైన చక్రములును సమమగును. ఇది ఆ సిద్ధాంతము. ఢిల్లీలో ఆచార్య కేశవదేవ్ వంటివారు 20వ శతాబ్ది చివరి దశకములలో ముద్రావిజ్ఞానమను పేరిట దీనిని విరివిగ ప్రచారము చేసిరి. ఇందు సగము ప్రాచీనమే. మూలాధారమున పృథివి, స్వాధిష్ఠానమున జలము, మణిపూరమున అగ్ని, అనాహతమున వాయువు, విశుద్ధమున ఆకాశము అని తంత్రములు చెప్పుచున్నవి. వ్రేళ్లకును భూతములకును సంబంధమున్నట్లు ఉపాసకులకు తెలియును గూడ. కాని వారి వరుస వేరు. శ్రీవిద్యోపాసకులు మానసపూజయందు పృథివీతత్త్వముగ గంధమును సమర్పించునపుడు కనిష్ఠికను, ఆకాశతత్త్వముగ పుష్పమును సమర్పించునపుడు అంగుష్ఠమును తాకుదురు. ధూపమునకు తర్జని, దీపమునకు మధ్యమ, నైవేద్యమునకు అనామిక. తర్జని వాయువనుట ఒక్కటి తప్ప క్రొత్త వరుస దీనితో కలియదు. పూజలో వరుస మారినను భావము చెడదు, ఏలయన అచ్చట సమర్పణమే ముఖ్యము. వైద్యమున మాత్రము వరుస మారిన మందు మారినట్లే కదా! ఈ చిక్కును ఆ చికిత్సకులు ఎట్లు విప్పుదురో తెలియరాదు.

చక్రముల విషయమున గూడ ఇట్టి కలగాపులగమే జరిగినది. నేడు ప్రపంచమంతట ప్రసిద్ధమైన వర్ణన ముఖ్యముగ ఒక గ్రంథమునుండి వచ్చినది. వంగదేశీయుడగు పూర్ణానందుడు 1577లో రచించిన శ్రీతత్త్వచింతామణియందలి ఒక ప్రకరణమే షట్చక్రనిరూపణము. కలకత్తా ఉన్నతన్యాయస్థానమున న్యాయమూర్తిగ నుండిన సర్ జాన్ ఉడ్రఫ్ దానిని ఆంగ్లమున అనువదించి 1919లో ప్రకటించెను. నాలుగు, ఆరు, పది, పండ్రెండు, పదునారు, రెండు దళముల పద్మములు, ఆ ఏబది దళములపై ఏబది వర్ణములు, పైన సహస్రారము. ఎఱుపునుండి ఊదావరకు ఇంద్రధనుస్సు రంగులు వరుసగ పులుముకొన్న చక్రముల పటములు నేడు అంగళ్లలో అమ్మబడుచున్నవి. పూర్ణానందుని మణిపూరదళములు నీటిమబ్బువలె నల్లనివి; ఆజ్ఞాచక్రము చంద్రునివలె తెల్లనిది. ఇంద్రధనుస్సు పాశ్చాత్యదేశముల చేర్పు. అది 20వ శతాబ్దిలో పుట్టి, 1970 తరువాత అమెరికాలో వ్యాపించి, మరల మన దేశమునకు దిగుమతియైనది.

రంగులు స్వల్పవిషయము. అసలు విషయము మరియొకటి కలదు. ఆ గ్రంథములలో సాధకుడు చక్రములను మరమ్మతు చేయడు. తక్కెడలోవలె వానిని సరితూచడు. కుండలిని మూలాధారమున మేల్కొని ఒక్కొక్క పద్మమును దాటుచు పైకి సాగునపుడు ఆయా భూతములు క్రమముగ లయించుచుండును. పృథివి జలమున, జలము అగ్నియందు, అగ్ని వాయువునందు, వాయువు ఆకాశమున కలిసిపోవును. సౌందర్యలహరి వర్ణించు దేవీప్రయాణము ఇదియే. లలితాసహస్రనామముల పారాయణము చేయు తల్లులు దినదినము తలచునదియు ఇదియే. చక్రములు నివాసములు కావు, మజిలీలు. మజిలీని దాటవలయునే గాని అచ్చట అలంకరణలు చేయుచు కూర్చుండుట యాత్రికుని పని కాదు.

శ్రీరామకృష్ణ పరమహంస దీనిని సామాన్యులకు తెలియునట్లు బోధించిరి. ఆయనకు ఇది పుస్తకజ్ఞానము కాదు. భైరవీబ్రాహ్మణి ఆధ్వర్యమున దక్షిణేశ్వరమందు అరువదినాలుగు తంత్రముల సాధనలను ముగించినవారు ఆయన. మనస్సు నివసించు భూమికలు ఏడు అని ఆయన చెప్పుచుండిరి. క్రింది మూడు భూమికలలో మనస్సున్నంతకాలము తిండి, భోగము, ధనము తప్ప మనుజునకు వేరు ధ్యాస లేదు. హృదయమునకు వచ్చినపుడు మొదటిమారు వెలుగు కనబడును. చూచినవాడు ఇదేమి, ఇదేమి యని విస్మితుడగును. కంఠమునకు వచ్చినపుడు భగవత్ప్రసంగము తప్ప మరేమియు వినబుద్ధి కాదు. లోకవార్తలు ఆడుచోటినుండి లేచిపోవును. భ్రూమధ్యమున అహర్నిశలు భగవద్రూపము గోచరించును గాని, లాంతరు గాజువంటి సన్నని అడ్డు మిగిలియుండును. శిరమున సమాధి. ఈ వర్ణనలో చక్రము ఒక అవయవమునకు అధిపతి కాదు. మనస్సు ఏ స్థాయిలో కాపురమున్నదో చూపు కొలత అది. విశుద్ధచక్రము తెరచుకొన్నదా యని పరీక్షింపదలచినవాడు మెడను తడిమి చూచుకొననక్కరలేదు. తాను దినమంతయు మాటలాడిన మాటలను జ్ఞాపకము చేసికొన్న చాలును.

ఒకనాడు పరమహంస భక్తులకు కంఠమునకు పైన జరుగునదియు చెప్పవలయునని సంకల్పించిరి. హృదయమువరకు చెప్పిరి, కంఠమువరకు చెప్పిరి. భ్రూమధ్యమునకు రాగానే ఆ అనుభవము స్మృతికి వచ్చి సమాధిమగ్నులైరి. తెలివి వచ్చిన పిమ్మట మరల ప్రయత్నించిరి. మరల అట్లే జరిగినది. అంతయు చెప్పవలయునని తమకున్నను అమ్మ నోరు మూయుచున్నదని ఆయన కన్నీరు పెట్టుకొన్నట్లు శారదానందస్వాములు వ్రాసియున్నారు. ఎవరికి ఆ దారి కరతలామలకమో ఆయన నోట మాట రాలేదు. పటము చూచి నేర్చినవారు గంటలకొలది చెప్పగలుగుచున్నారు.

ఆంధ్రదేశమున గూడ ఒక నిదర్శనము కలదు. కళువరాయిలో 1878లో జన్మించిన కావ్యకంఠ గణపతిముని మంత్రతంత్రములలో ఆరితేరినవారు. సంవత్సరములకొలది తపస్సు చేసియు తృప్తి లేక, 1907లో అరుణాచలమున కొండపైనున్న మౌనస్వామి పాదములపై బడి తపస్సనగా ఏమి యని అడిగిరి. నేను అను స్ఫురణ ఎచ్చటనుండి పుట్టుచున్నదో అచ్చట మనస్సును నిలుపుమని సమాధానము వచ్చినది. ఏ చక్రమును చూపలేదు. తరువాత 1922లో గణపతిమునికి శిరస్సున కపాలభేదమను అద్భుతానుభవము కలిగినదని ఆయన శిష్యులు చెప్పుదురు. అంతటి అనుభవమును పొందినవారును తుదివరకు రమణమహర్షి శిష్యులుగనే నిలిచిరి.

ఇప్పుడు చేతులయొద్దకు మరలి రావచ్చును. 1879 సెప్టెంబరు 21న కేశవచంద్రసేనుని ఇంట సంకీర్తనమధ్యమున శ్రీరామకృష్ణులు నిలువునా సమాధిమగ్నులైనపుడు ఒక ఛాయాచిత్రము తీయబడినది. పడిపోకుండ హృదయరాముడు వెనుకనుండి పట్టుకొనియున్నాడు. పరమహంస కుడిచేయి పైకెత్తబడియున్నది, ఎడమచేయి వక్షఃస్థలమున నున్నది. రెండు చేతుల వ్రేళ్లును ఏదో ముద్రను దాల్చినవి. ఆ ముద్రను ఎవరును నేర్పలేదు. ఆయన దానిని పట్టదలపనులేదు. దేహస్మృతియే లేనివారు వ్రేళ్లను ఎట్లు అమర్చుకొందురు? మనస్సు ఎచ్చటికి పోయెనో చేయి అచ్చటికి చూపినది. మరొకమారు నరేంద్రుడు పరీక్షార్థము పరుపుక్రింద రూప్యమును దాచగా, తెలియక ఆ పరుపును తాకిన పరమహంస బాధతో ఉలికిపడి లేచిరి. లోహనాణెమును తాకిన ఆ చేతివ్రేళ్లు తమంతట తామే వంకర తిరిగిపోవుచుండెను. త్యాగము మనస్సున అంత లోతుగ నాటుకొన్నపుడు చేయి సైతము దానిని ఎరుగును. నేటి వాదము దీనికి తలక్రిందులు: వ్రేళ్లను వంచిన మనస్సు వంగునని.

చేయి మనస్సునకు విధేయమగుట ఢిల్లీలోనే శాస్త్రజ్ఞుల కంటబడినది. 1956లో స్థాపింపబడిన అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థయందు బి. కె. ఆనంద్, జి. ఎస్. ఛినా, బల్‌దేవ్ సింగ్ అను వైద్యులు యోగుల మెదడునందలి విద్యుత్తరంగములను పరీక్షించి 1961లో ఫలితములను ప్రకటించిరి. వారు పరీక్షించినవారిలో ఇద్దరు యోగులు 4 డిగ్రీల చల్లని నీటిలో 45 మొదలు 55 నిమిషములు చేతిని ముంచియుంచగలిగిరి. సామాన్యుడు కొన్ని నిమిషములు గూడ ఓర్వజాలని చలి అది. అయినను, ప్రశాంతమైన మేల్కొనుస్థితిని సూచించు ఆల్ఫా తరంగములు వారి మెదడున చెదరలేదు. ఈ పరీక్ష చక్రములున్నవని రుజువు చేయలేదు, లేవనియు చెప్పలేదు. అది దాని ఉద్దేశమును కాదు. మనస్సు లోనికి మరలినపుడు హస్తము తెచ్చు వార్త దానిని కదలింపజాలదని మాత్రము అచ్చట కనబడినది.

అట్లయిన ధ్యానమున చేతులకు పనియే లేదా? కలదు. చంచలమైన చేయి చంచలమైన మనస్సును పట్టి ఇచ్చును. జపమునకు కూర్చుండినవాని వ్రేళ్లు వస్త్రపుటంచును నలుపుచున్నచో మనస్సు ఎచ్చట తిరుగుచున్నదో చెప్పనక్కరలేదు. చేతికి ఒక స్థానమిచ్చి, ఇచ్చటనే యుండుమని శాసించుట మనస్సును గూర్చుండబెట్టుటకు తోడ్పడును. అందునను చిన్ముద్ర అర్థముతో కూడినది. శ్రీకాళహస్తిలో దక్షిణామూర్తిని దర్శించువారికి ఆ మూర్తి మౌనముగ బోధించునది ఆ ముద్రతోడనే యని తెలియును. తర్జని జీవుడు, అహంకారముతో ఇతరులను చూపి బెదిరించు వ్రేలు అదియే. అంగుష్ఠము బ్రహ్మము, అది లేక ఏ వ్రేలును ఏ వస్తువును పట్టజాలదు. మూడు గుణములైన తక్కిన మూడు వ్రేళ్లనుండి విడివడి తర్జని వంగి అంగుష్ఠమును తాకుచున్నది. ఈ భావము మనస్సున మెదలుచుండగా ఆ ముద్రను పట్టినవాడు ఉపనిషత్తును చేతిలో పట్టుకొన్నవాడే. భావము లేక పట్టినవాడు వ్రేళ్లను పట్టుకొన్నవాడు.

వివేకానందస్వామి తమ రాజయోగమున ఆసనవిషయమున కోరినది మిక్కిలి కొంచెము: ఎదురురొమ్ము, మెడ, శిరస్సు ఒకే వరుసలో నిటారుగ నుండవలయుననియు, కూర్చుండుట సుఖముగ నుండవలయుననియు. కాని శ్వాసను బలవంతముగ బంధించు క్రియలను గురువు సన్నిధిని లేక చేయుట అపాయమని హెచ్చరించిరి. యోగమును రహస్యములతో నింపి మాయపొరలు కప్పుట మనుజుని దుర్బలుని చేయునని గట్టిగ మందలించిరి. కుండలిని పేరే వినని భక్తుడు ప్రేమాతిశయమున ప్రార్థించుచున్నపుడు సైతము మేల్కొనునది ఆ శక్తియేయని కూడ ఆయన వ్రాసిరి. ఇది ఎంత ఊరట గొల్పు మాట! చక్రముల పేర్లు తెలియని పల్లెటూరి ముత్తవ్వ కన్నీటితో రామనామము చేయుచు ఏ మజిలీని దాటిపోయినదో ఎవరు చెప్పగలరు?

ఇక ఆ తల్లి యడిగిన ప్రశ్న. ఢిల్లీ పహాడ్‌గంజ్ చెంత 1927లో స్థాపితమైన రామకృష్ణ మిషన్ ఆశ్రమమున్నది. నేడు ఒక మెట్రో స్టేషనుకు దాని పేరే పెట్టబడినది. ఆ ఆశ్రమమున ఉదయసాయంత్రములు ధ్యానము జరుగును. 1957లో ఆలయమును వెలసినది. ఆ సన్న్యాసులే 1933 మొదలుకొని క్షయరోగులకు ఉచిత చికిత్సాలయమును నడపిరి. క్షయ ఊపిరితిత్తులను తినివేయు వ్యాధి. అనాహతచక్రము ఉన్నదని చెప్పబడు చోటనే అది కాపురముండును. అయినను ఆ సన్న్యాసులు రోగికి ముద్రలు నేర్పి పంపలేదు. పరీక్షించిరి, మందులిచ్చిరి, పథ్యము చెప్పిరి. అట్లు చేయుటవలన వారి యోగమునకు లోపము రాలేదు.

దీనికిని మూలము పరమహంస జీవితమే. 1885లో ఆయనకు కంఠమున వ్యాధి పుట్టినది. అది పుండైన క్యాన్సర్. విశుద్ధచక్రమును దాటి సహస్రారమువరకు ఎన్ని పర్యాయములు పోయివచ్చిరో లెక్కలేని మహాయోగికి వ్యాధి వచ్చినది కంఠముననే! చక్రము తులతప్పుటచేతనే కంఠవ్యాధి కలుగునన్న మాట నిజమైనచో, ఆయనకు ఆ వ్యాధి ఎట్లు వచ్చినది? శిష్యులు ఆయనను కలకత్తాకు తరలించిరి. మహేంద్రలాల్ సర్కార్ అను ప్రఖ్యాత వైద్యుని పిలిచిరి. పరమహంస పసిబాలునివలె మందు పుచ్చుకొనిరి, పథ్యమును పాటించిరి, నొప్పి హెచ్చినదని చెప్పిరి, తగ్గినదని చెప్పిరి. వైద్యుడు వచ్చు వేళకై ఎదురుచూచిరి గూడ.

పండితుడు శశధరుడు ఒకనాడు వచ్చి, యోగులు వ్యాధి ఉన్నచోట మనస్సును కొంతసేపు నిలిపిన అది నయమగునని శాస్త్రమున్నదే, తాము ఏల అట్లు చేయరాదని అడిగినాడు. నేటి ఉద్యానవనములలో వినబడు మాటకు ఇది చాల దగ్గర. పరమహంస ఆశ్చర్యపడిరి. భగవంతునికి ఒకమారు సమర్పించిన మనస్సును మరలించి, ఈ చినిగిన మాంసపుగూటిపై పెట్టుమని పండితుడవై యెట్లు చెప్పగలిగితివని అడిగిరి. పండితుడు ఊరకుండెను. కాని నరేంద్రాదులు ఊరకుండలేదు. మ్రింగుడుపడక ఆహారము మానిన గురువును చూచి వారి గుండెలు పగిలినవి. మాకొరకైనను అమ్మను అడుగుడు, కొంచెము తినగలుగునట్లు చేయుమని అడుగుడు అని నరేంద్రుడు పట్టుపట్టెను. శిష్యుల ప్రేమకు లొంగి ఆయన అడిగిరి. కొంతసేపటికి నరేంద్రునితో, అమ్మ మిమ్ములనందరిని చూపి, ఇన్ని నోళ్లతో తినుచున్నావు గదా యన్నదనియు, సిగ్గుతో మరి మాట రాలేదనియు చెప్పిరి. 1886 ఆగస్టు 16న ఆయన శరీరమును విడిచిరి. కడవరకు మందు మానలేదు. కడవరకు ఆనందమును మానలేదు.

కుమారుడు ఈ వృత్తాంతమును తల్లికి చెప్పవచ్చును. ఋషులు చెప్పినది తప్పు కాదమ్మా, ఋషులకు అంటగట్టినది తప్పు అనవచ్చును. ఉద్యానవనపు స్నేహితురాండ్రను ఆమె విడువనక్కరలేదు. ఆసనములు దేహమునకు మేలే చేయును, తోడు మనస్సునకు మేలు చేయును. మాత్రను మాత్రము మరల మొదలుపెట్టి, ఇన్ని వారములు మానిన సంగతిని వైద్యునికి దాచక చెప్పవలయును.

ఆ మాత్రను పరగడుపున మ్రింగిన పిమ్మట కనీసము అరగంటవరకు కాఫీయైనను త్రాగరాదని వైద్యులు చెప్పుదురు. తెల్లవారుజామున ఇంటిలో అందరును నిద్రించుచున్న ఆ అరగంట యందు ఆమెకు వేరు పని లేదు. ఒక చాప, నిటారైన వెన్ను, మోకాళ్లపై చేతులు, ఇష్టమైన నామము. వ్రేళ్లను ఎట్లు పట్టవలయునని ఆమె అడిగినచో, ఇంటిలోని వేంకటేశ్వరుని పటము ఎదుటనే యున్నది.